మీకు అనుమతి లేకపోవచ్చు

చర్ల,
డిసెంబరు 3

భియాకు నీ చెల్లెలు జమ్లి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. నా గొంతు ఆపరేషన్ అయి ఏడాది దాటింది. కుట్లు మానాయి, రొట్టె దిగుతోంది. మాట మాత్రం ఇక రాదని డాక్టర్లు ముందే చెప్పారు, అలాగే అయింది. ఇంట్లో పలక, సుద్దముక్క పట్టుకొని తిరుగుతున్నాను. నేను రాసింది చదవడానికి మీ బావ వీరన్న కళ్లద్దాలు వెతుక్కునేలోపు నా కోపం చల్లారిపోతోంది. "ఇన్నేండ్లకు నా సంసారం నిమ్మళమైంది" అని బజారంతా చెప్పుకుంటున్నాడు.

ఫోనులో నేను మాట్లాడలేను. ఫోనులో వచ్చే రాతలు నువ్వు చదవవు. అందుకే ఉత్తరం. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే కాబట్టి ఇందులో తప్పులుంటే అవి నీవే.

మంచి కబురు ఏమిటంటే సంగీతకు పెళ్లి కుదిరింది. పిల్లవాడిది ఇల్లెందు వైపు తండా, గనిలో ఉద్యోగం. మన పిల్ల భద్రాచలం దవాఖానాలో నర్సు పని మానదని ముందే చెప్పాం, ఒప్పుకున్నారు. శ్రీరామనవమి జనం తగ్గాక, ఏప్రిల్ చివర్లో ముహూర్తం.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్లికూతురు బయలుదేరేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తూ ఢావ్లో పాడుతుంది కదా. తాతకు, మామకు, వదినకు, అందరికీ అయ్యాక చివరికి తల్లి దగ్గరకు వస్తుంది. మన తండా పద్ధతిలో తల్లి పాటతోనే జవాబు చెప్పి పంపాలి. జవాబు లేకుండా గడప దాటిన పిల్లను నేను చూడలేదు. నా పిల్లకు నేనేం జవాబు చెప్పను?

సంగీత చిన్నగా ఉన్నప్పుడు, మిర్చి ఏరడానికి నేను తండాకు వచ్చిన ఏడు, ఢిల్లీ నుంచి సినిమావాళ్లు వచ్చి నాతో ఢావ్లో పాడించుకున్నారు, గుర్తుందా? పెళ్లి లేకుండా ఆ పాటేమిటని హేమ్లి పెద్దమ్మ గొణిగింది కూడా. నేను పిల్ల వంతూ పాడాను, తల్లి జవాబూ పాడాను. తర్వాత వాళ్లు పంపిన డిస్కు, ఆడించే మిషను లేక, నీ పుస్తకాల్లో దాచావు. అందులో నా గొంతు ఉంటుంది కదా భియా. అది పాడుతుందో లేదో ఒకసారి చూడు.

నీ చెల్లెలు,
జమ్లి


కుసుమంచి,
డిసెంబరు 14

చెల్లె జమ్లికి,

నీ ఉత్తరం అందింది. తప్పులున్నాయి. దినపత్రికల్లో వచ్చేవాటికంటే తక్కువే. సంగీతకు నా ఆశీస్సులు. గనిలో ఉద్యోగం అన్నావు, అంటే కనీసం కవి కాదన్నమాట. సంతోషం.

డిస్కు దొరికింది. నిఘంటువుల వెనక ఉంది, ఒక్క గీత కూడా పడలేదు. అట్ట మీద నీ ఫొటో. కాంచళి రవిక, అద్దాలు, వెండి గొలుసులు అన్నీ బాగా వచ్చాయి. నీ పేరు మాత్రం ఎక్కడా లేదు. వెనకవైపు దర్శకుడి పేరు, కెమెరా మనిషి పేరు, వాళ్లు దిగిన హోటలు పేరు కూడా వేసి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. వాళ్లకు జొన్నరొట్టెలు చేసి పెట్టిన మనిషి పేరు వేయడానికి చోటు చాలలేదు. నీ ఫొటో కింద "ఒక సంచార స్త్రీ" అని ఉంది. మనం తాతల కాలం నుంచి ఇదే తండాలో ఉన్నాం. సంచారం చేసింది వాళ్లు, ఏసీ కారులో.

ఇక నా కంప్యూటరు సంగతి. పాత విండోస్‌కు వైరస్ పట్టిందని మా రవికుమార్ పోయినేడు ఖమ్మం నుంచి వచ్చి, దాన్ని తీసేసి లినక్స్ అనేది పెట్టి వెళ్లాడు. "ఇది ఒక్క కంపెనీది గాదు నాయినా. లోకంల ఎందరో గల్సి రాసిండ్రు, అందరికి ఫ్రీ" అన్నాడు. సర్వీసంతా ప్రభుత్వ గ్రంథాలయంలో గడిపినవాణ్ణి, ఆ మాట నచ్చింది. ఉత్తరాలు టైపు చేసుకుంటున్నాను, పాత పుస్తకాలు చదువుకుంటున్నాను. కొడుకు చేసిన పనుల్లో నేను మెచ్చుకున్నది అదొక్కటే.

అందులో నీ డిస్కు పెట్టాను. కాసేపు గిర్రున తిరిగింది. తర్వాత ఒక చిన్న పెట్టె తెర మీదికి వచ్చింది. ఇంగ్లిషులో ఉన్నది నీకోసం తెలుగులో రాస్తున్నాను: "ఈ స్థానాన్ని తెరవలేకపోయాం. ఈ ఫైలు తెరవడానికి మీకు అనుమతి లేకపోవచ్చు."

లేకపోవచ్చట! ఉందో లేదో దానికే తెలియదు. ఎవరి అనుమతి, ఎవరిని అడగాలి, ఒక్క ముక్క లేదు. కింద "సరే" అని ఒకే ఒక్క మీట. అంటే నేను సరే అనడం తప్ప ఇంకేమీ చెయ్యడానికి లేదు. ఇలాంటి వాక్యం రాసేవాణ్ణి నేను నా లైబ్రరీలో పుస్తకాలు తుడవడానికి కూడా పెట్టుకునేవాణ్ణి కాదు. నా చెల్లెలు, నా తండా, మనల్ని కన్న యాడి నేర్పిన పాట. నాకు అనుమతి లేకపోవచ్చు!

అయినా అనుమతి అడగడం నాకు కొత్త కాదు. చీపురు కొనడానికి కూడా జిల్లా ఆఫీసుకు రాసి బతికినవాణ్ణి. ఆ సినిమా తీసిన ఢిల్లీ సంస్థకు అర్జీ పెట్టాను. విషయం, సూచిక, విన్నపం, అన్నీ పద్ధతిగా రాసి, నువ్వు నా చెల్లెలివని రుజువుగా మన యాడి పాత రేషన్ కార్డు జిరాక్సు జతచేసి, రిజిస్టర్ పోస్టులో పంపాను. అనుమతి రాగానే కంప్యూటరుకు చూపిస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త. గొంతుకు చలిగాలి తగలనివ్వకు.

నీ భియా,
జైరాం


చర్ల,
జనవరి 9

భియాకు,

నీ ఉత్తరం మీ బావకు చదవమని ఇచ్చాను. పొట్ట పట్టుకొని నవ్వాడు. "కంప్యూటర్ పర్మిషన్ లేదంటే ఢిల్లీకి దరఖాస్తు వెట్టిండా మీ అన్న? రేపు ఫ్యాన్ తిరగకుంటే కరెంట్ మంత్రికి రాస్తడేమో!" అన్నాడు. పలక మీద "మా అన్నను ఏమీ అనొద్దు" అని రాసి చూపించాను. కళ్లద్దాలు లేవన్నాడు. నెత్తి మీదే ఉన్నాయి.

నా దగ్గరికి రోజూ వచ్చే గంగక్క నీకు తెలుసు కదా, అడవి వైపు కోయగూడెం మనిషి, చింతపండు, తేనె తెచ్చి అమ్ముతుంది. ఆమెకు కూడా మీ బావ ఈ కథంతా చెప్పాడు. ఆమె "పాటకు గూడ తాళం ఏస్తరా బావా? ఏసినోడు ఉన్నడా, సచ్చిండా?" అని అడిగింది. ఆ మాట నాకు నవ్వులాట అనిపించలేదు.

సంగీత రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. దాని ముందు పలక పట్టుకొని కూర్చున్నాను. ఢావ్లో రోజు నేను జవాబు చెప్పలేను, నువ్వు తల్లి వంతు పాడకుండా వదిలేసి కారెక్కు అని రాశాను. "అందరి దగ్గర వాడి నీ దగ్గర వాడకుంట వోతనా యాడీ? ఏం మాట్లాడుతున్నవ్?" అంది. మాట్లాడుతున్నవ్ అన్నాక నాలుక కరుచుకుంది. కాసేపటికి అదే మళ్లీ, "నువ్వు జవాబు పలక మీద రాసి సూపియ్యి, నేను సదువుకుంట" అంది. ఆ వేళకు పిల్ల కళ్ల నిండా నీళ్లుంటాయి. పలక ఎట్లా చదువుతుంది భియా?

నీ పనికి నేను అడ్డు చెప్పను. కానీ ఢిల్లీవాళ్లతో తగువు పెట్టుకోకు. నాకు న్యాయం అక్కర్లేదు. గొంతు దొరికితే చాలు.

జమ్లి


కుసుమంచి,
ఫిబ్రవరి 18

చెల్లె జమ్లికి,

ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. నన్ను "ప్రియమైన మేడమ్" అని సంబోధించారు. ఆ సినిమా హక్కులు తమ దగ్గర లేవట, ఇంకో కంపెనీకి అమ్మేశారట. ఆ కంపెనీ ఎక్కడుందని ఫోను చేయించి అడిగాను. మూతపడిందట. అంటే నీ పాటకు యజమాని లేడు, అనుమతి మాత్రం కావాలి. గంగక్క అడిగిన ప్రశ్న సరైనదే. ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు.

పోయిన ఆదివారం రవికుమార్ వచ్చాడు. నా అర్జీ నకలు చదివి నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి వెళ్లి వచ్చాడు. "నాయినా, అది నీ పర్మిషన్ గొడవ గాదు. డిస్కుకు తాళం ఏసిండ్రు. కంపెనోళ్ల ప్లేయర్ల ఆ తాళంచెవి ఉంటది, ఇప్పుడు అవి దొర్కుతలేవు. లినక్స్‌ల ఉండది. గంతే" అన్నాడు. మరి ఆ సంగతే తెర మీద రాయొచ్చు కదా అన్నాను. సినిమా ఆడించే ఇంకో ప్రోగ్రాం ఎక్కించి బస్సుకు వెళ్లిపోయాడు.

దానిలో పెట్టి చూశాను. అది ఇంకా గొప్పది. "ఆడించలేకపోయాం" అని పైన పెద్ద అక్షరాల్లో వేసి, కింద చిన్న అక్షరాల్లో వివరణ ఇచ్చింది. వివరణ ఏమిటంటే: "కారణం లేదు."

జమ్లీ, నేను జీవితంలో చాలామంది అధికారులను చూశాను. ప్రమోషన్ ఆపినవాణ్ణి చూశాను, నా వ్యాసం తన పేరున అచ్చేసుకొని నాకే సంతకం పెట్టి బహూకరించినవాణ్ణి చూశాను. కారణం లేదని ముఖాన చెప్పిన ధైర్యవంతుణ్ణి ఇదే చూడటం. వాళ్లందరూ కనీసం ఒక అబద్ధం చెప్పే శ్రమ తీసుకున్నారు.

పట్టుదల వచ్చింది. ఇంటర్నెట్‌లో ఇలాంటి బాధితులు చేరి మాట్లాడుకునే చోట్లున్నాయి. చదవడం మొదలుపెట్టాను. అచ్చం మన ఖమ్మం సాహిత్య సభలే. ఒకడు పాపం ప్రశ్న అడుగుతాడు. పదిమంది వచ్చి, ఇది ముందే అడిగారు, వెతుక్కోవడం చేతకాదా, ఆ డిస్కు కొనడమే నీ తప్పు అంటారు. ఆ తర్వాత ప్రశ్న వదిలేసి వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు. ఒక మెసేజీ అయితే ఫలానా "లైబ్రరీ లేదు" అంటుందట. ఆ పేరుతో ఏదో చిన్న ప్రోగ్రాం ముక్కను పిలుస్తారట. నాతో ఆ మాట అనలేదు, దాని అదృష్టం.

అన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది. తాళం తీసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. ఎవరో మంచివాళ్లు ఎప్పుడో రాసి పెట్టారు. కానీ కొన్ని దేశాల చట్టాల ప్రకారం తాళం తీయడం నేరం కావచ్చు. అందుకని లినక్స్ పంచేవాళ్లు దాన్ని లోపల పెట్టరు. ఫలానా చోట దొరుకుతుందని చాలామంది తెర మీద చెప్పరు. తాళం ఉందని కూడా చెప్పరు. చెబితే తాళంచెవి ఎక్కడని అడుగుతాం కదా. భయపడ్డవాడు రాసిన వాక్యాలివి. అహంకారి రాశాడనుకొని ఇన్నాళ్లూ తిట్టాను. పిరికివాడు రాశాడని తెలిశాక ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఆ తగువుల మధ్యలో ఎవరో ఒకామె, ఏ దేశమో తెలియదు, ఏం టైపు చెయ్యాలో రెండు వరుసలు రాసి, "పెద్దవాళ్లు కంగారుపడకండి, మెల్లగా చెయ్యండి" అని పెట్టింది. అవి కాగితం మీద ఎక్కించుకున్నాను. ఒక్క అక్షరం తప్పితే ఒప్పుకోదట. అక్షరాల దగ్గర నన్ను భయపెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు. రేపు కూర్చుంటాను.

నీ భియా,
జైరాం


కుసుమంచి,
మార్చి 2

చెల్లె జమ్లికి,

క్షేమం. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. డిస్కు విషయం కుదరలేదు. కారణం లేదు అనే వస్తోంది. ఇక వదిలేద్దాం. పాతకాలపు సరుకు, పాడై ఉంటుంది. ఎవరి తప్పూ లేదు.

పెళ్లి పనులు ఎంతవరకు వచ్చాయి? వీరన్నగారి మోకాలినొప్పి ఎలా ఉంది? సంగీతకు నా ఆశీస్సులు చెప్పు. ఎండలు ముదురుతున్నాయి, మంచినీళ్లు ఎక్కువగా తాగండి.

నీ భియా,
జైరాం


చర్ల,
మార్చి 11

భియాకు,

నీ ఉత్తరం చదివి భయం వేసింది. నీ ఒంట్లో బాగుందా అని మీ బావతో రవికుమార్‌కు ఫోను చేయించాను. బాగున్నాడు, ఉదయమే పాలవాడితో పోట్లాడాడు అని చెప్పాడు. అప్పుడు మనసు కుదుటపడింది, అనుమానం మొదలైంది.

ఈ ఉత్తరంలో నువ్వు ఎవరినీ తిట్టలేదు. ఢిల్లీవాళ్లను తిట్టలేదు, కంప్యూటరును తిట్టలేదు. మీ బావను "వీరన్నగారు" అన్నావు. ఆయన కూడా చదివి, "మీ అన్న నన్ను గారు అన్నడంటే ఏందో దాస్తున్నడు" అన్నాడు. ఎవరి తప్పూ లేదట. నువ్వు పుట్టాక ఆ మాట అనడం ఇదే మొదలు.

అది పాడింది కదా భియా. నువ్వు చూశావు.

ఏముంది అందులో? నేను చెడ్డగా పాడానా? జవాబు మరిచిపోయానా? లేక ఆ పాటే కోసేసి వేరేది పెట్టారా? ఏదైనా రాయి. డాక్టరు కూడా నా ఎదురుగా చెప్పకుండా మీ బావను పక్కకు పిలిచి చెప్పాడు. గోడకు చెవి పెట్టి నేను విన్నాను. మాట రాకపోవడం కంటే ఆ గోడ దగ్గర నిలబడటమే నాకు కష్టమైంది. నువ్వు కూడా నన్ను గోడ అవతల నిలబెట్టకు.

ఒక నిజం నేను కూడా చెబుతాను. డిస్కు అడిగింది సంగీత కోసమే అని రాశాను. సగమే నిజం. నా గొంతు ఎట్లా ఉండేదో నాకు మరుపొస్తోంది. కలలో కూడా పలక మీదే మాట్లాడుతున్నాను.

జమ్లి


కుసుమంచి,
మార్చి 19

నా తల్లీ, జమ్లీ,

పాడింది.

ఆ రెండు వరుసలు టైపు చేశాను. తెర మీద ఏవేవో అక్షరాలు వాన కురిసినట్టు దిగాయి. డిస్కు తిరిగింది. ఈసారి పెట్టె రాలేదు, మన మిర్చి చేను వచ్చింది. కళ్లాం వచ్చింది. ఎర్రటి కాయల మధ్య నువ్వు కూర్చొని ఉన్నావు. ఎంత చిన్నదానివే! నేను గుర్తుపెట్టుకున్నదానికంటే చాలా చిన్నదానివి. కొంగు సర్దుకొని, ఒకసారి దగ్గి, నోరు తెరిచావు.

నువ్వు నోరు తెరవగానే ఒక మగగొంతు మొదలైంది. ఇంగ్లిషులో, మెత్తగా, తేనె పూసినట్టు. "వీరి దుఃఖం దారులంత పాతది" అన్నాడు. "మరుగున పడుతున్న ఈ గానం" అన్నాడు. వాడి వెనకాల నీ పాట దూరంగా, పక్క తండాలో ఎవరో పాడుతున్నట్టు వినిపిస్తోంది. మరుగున పడుతున్న, మరుగున పడుతున్న అని ఎన్నిసార్లన్నాడో. మరుగున పెట్టింది వాడే. ఇంకో భాష ఎంచుకునే మీట ఉంటే నొక్కాను. హిందీలో ఇంకొకడు అదే చేశాడు. నీ పెదవులు కదులుతున్నాయి. తల్లి వంతు జవాబు పాడుతున్నావని చెయ్యి ఊపడం చూసి తెలుసుకున్నాను. ఒక్క ముక్క పట్టుకోలేకపోయాను.

మూడు నెలలు తాళంతో కొట్లాడాను. తాళం తీస్తే లోపల నీ నోటి మీద చెయ్యి పెట్టి ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. ఈ వార్త నా చేత్తో నీకు రాయడానికి మనసు రాలేదు. కంప్యూటరు నాకు చెప్పిన అబద్ధాన్నే నీకు చెప్పాను. అది నాకంటే బాగా చెప్పింది, నువ్వు నన్ను పట్టేసుకున్నావు.

ఇప్పుడు మిగిలింది విను. పాట అయిపోవచ్చిన చోట ఆ పెద్దమనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. సరిగ్గా అప్పుడే నువ్వు పాట మధ్యలో ఆపి, కెమెరాను పట్టించుకోకుండా, చేను వైపు తిరిగి సంగీతను పిలిచావు. ఆ ముక్క ఎందుకు కత్తిరించలేదో తెలియదు, సహజంగా ఉందని మురిసిపోయి ఉంటారు. అది ఢావ్లో కాదు. పాటే కాదు. కానీ నీ గొంతు, దాని మీద ఎవరూ కూర్చోలేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. ఇంట్లో ఎవరూ లేరు.

ఏమని పిలిచావో రాయను. చెవులతో వినాల్సింది. రవికుమార్ చేత దాన్ని చిన్న ఫోనులోకి ఎక్కించాను, తెర మీద ఒకే ఒక్క గుర్తు ఉంటుంది, దాని మీద వేలు పెడితే చాలు. పెళ్లికి వచ్చేటప్పుడు తెస్తాను. దాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. పెళ్లిలో వినిపించాలా, పెట్టెలో దాచుకోవాలా, నన్ను అడగకు. ఆ మగగొంతువాడు ఎదురైతే ఏం చెయ్యాలో మాత్రం అడుగు, దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది.

నీ భియా,
జైరాం


చర్ల,
మే 2

భియాకు,

ఫోను నా చేతిలో పెట్టి, కుర్చీలో కండువా మరిచిపోయి, భోజనం కూడా చెయ్యకుండా మధ్యాహ్నమే వెళ్లిపోయావు. ఆఖరి బస్సు అన్నావట. భద్రాచలానికి సాయంత్రం దాకా బస్సులున్నాయని నీకు తెలుసు. నాకు కోపం లేదు. ఢావ్లో ఏడుపు దగ్గర నిలబడటం నీ వల్ల కాదని నేను యాడి పోయిననాటి నుంచి ఎరుగుదును. కాబట్టి నువ్వు లేని తర్వాతది రాస్తున్నాను.

నువ్వు వెళ్లాక వంటగదిలోకి పోయి తలుపేసుకున్నాను. వేలు పెట్టాను. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను, ఎవరొచ్చారా అని. ఇంత పెద్ద గొంతా నాది! ఇంత మోటు గొంతా! మీ బావ తలుపు అవతల ఉన్నాడు. తలుపు తీసేసరికి గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. "ఇంకొక్కసారి పెట్టవా" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ గొంతును నోర్ముయ్ అన్న మనిషి.

అది పెళ్లిలో పనికొస్తుందని నేను అనుకోలేదు. అది జవాబు కాదు కదా. కొంగులో ముడేసుకొని బయటికి వచ్చాను.

సాయంత్రం సంగీతను పట్టుకొచ్చారు. ఒక్కొక్కరి మెడ పట్టుకొని పాడింది. నీ వంతు వచ్చేసరికి కుర్చీలో కండువా ఉంది. దాన్నే గుండెలకు పట్టుకొని, "ఊరి మీద కోపం, లోకం మీద కోపం, నా మీద కోపం లేని మామా" అని కట్టి పాడింది. హేమ్లి పెద్దమ్మ కూడా ఏడ్చింది. నువ్వు ఆమెతో పదేళ్లుగా మాట్లాడటం లేదు, అయినా ఏడ్చింది.

చివరికి నా దగ్గరికి వచ్చింది. నన్ను జవాబు అడగనని ముందురోజు ఒట్టేసింది. కానీ పాట దాన్ని లాక్కుపోయింది. "యాడీ, నీ గూట్లో పిట్టను ఎగరగొడుతున్నావా, ఒక్క మాట అను యాడీ, ఒక్క మాట అను" అంది. అన్నాక దానికే తెలిసింది ఏం అడిగిందో. నా భుజం మీద బిగుసుకుపోయింది. ఆడవాళ్లందరూ ఆగిపోయారు. డప్పు ఆగిపోయింది. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు, చూడకూడదని తలలు దించుకుంటున్నారు.

నేను ఆలోచించలేదు భియా. కొంగులో ఫోను వేలికి తగిలింది. పిల్ల చెవి దగ్గర పెట్టి నొక్కాను. ఆ చిన్న డబ్బాకు అంత గొంతుందని నాకు తెలియదు. వాకిలంతా వినిపించింది.

"సంగీ! ఓ సంగీ! ఏడ వోయినవే? ఆడింది సాలుగని జల్దీ ఇంటికి రా! రొట్టె సల్లారుతాంది!"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. హేమ్లి పెద్దమ్మకే ముందు తెలివి వచ్చింది. "అత్తగారింటికి వోయే పిల్లను ఇంటికి రమ్మంటవా జమ్లీ! గిదేం జవాబే, ఏడన్న ఉన్నదా?" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. మగపెళ్లివాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మీ బావ పందిరి గుంజ పట్టుకొని అటు తిరిగాడు.

సంగీత నా భుజం మీద నుంచి తలెత్తింది. ముఖమంతా కాటుక, కన్నీళ్లు. నన్ను చూసింది, ఫోను చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నవ్వుతోంది, ఆపుకోలేకపోతోంది. వదినలు పట్టుకొని కారు దాకా నడిపించారు. కారు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, మిర్చి చేనులోంచి చిన్నప్పుడు అరిచినట్టే, ఊరంతా వినిపించేలా అరిచింది.

"వస్తున్న యాడీ!"

నీ చెల్లెలు,
జమ్లి